"ఫ్రీ"ని జపనీస్‌లో ఏమంటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళు, ఉద్యోగానికి జపాన్ వెళ్ళబోతున్నవాళ్ళు, యాప్‌లకు అనువాదాలు చేసేవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. చాలావరకు ఒకే చోట మొదలవుతాయి: ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, దీనికి జపనీస్ ఏమిటని అడుగుతారు. జపనీస్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఒ, ఓ తేడా, ఎ, ఏ తేడా మన లిపిలో ఉన్నాయి కాబట్టి జపనీస్ హ్రస్వ దీర్ఘాలు ఇందులో చక్కగా ఒదుగుతాయి. రాసినది రాసినట్టు పలకండి.

"ఫ్రీ" అనే మాటకు జపనీస్ ఏమిటి?

ఏ ఫ్రీ? ముందు అది చెప్పాలి.

డబ్బు కట్టనక్కర్లేదంటే 'ముర్యో'. బోర్డుల మీద, కరపత్రాల్లో కనిపించేది ఇదే. అదే అర్థానికి నోటిమాట 'తద'. మనిషికి పని లేక తీరిగ్గా ఉంటే 'హిమ'. కుర్చీ ఖాళీగా ఉంటే 'అయితె ఇరు'. రోడ్డు మీద టాక్సీ ఖాళీగా వస్తుంటే దాని అద్దం వెనక 'కూష' అని వెలుగుతుంది, అంటే ఖాళీ బండి. చక్కెర లేని ("షుగర్ ఫ్రీ") కాఫీ 'ముతో'. పొగతాగడం కుదరని ("స్మోక్ ఫ్రీ") గది 'కిన్ఎన్', ఇక్కడ ఇంగ్లీషు "లేదు" అంటుంటే జపనీస్ "నిషేధం" అంటోంది. ఎవరి అదుపులోనూ లేకపోవడం 'జియూ'.

ఇన్ని మాటలా అని బెదిరిపోకండి. తెలుగులో మాత్రం ఒక్క మాటతో సరిపెడుతున్నామా? ఉచితం, తీరిక, ఖాళీ, స్వేచ్ఛ. నాలుగూ వేర్వేరని ఇంట్లో ఎవరూ నేర్పకుండానే మనకు తెలుసు. ఈ నాలుగింటినీ ఒకే మూటలో కట్టింది ఇంగ్లీషు. ఆ మూటను అలాగే మోసుకెళ్ళి జపనీస్ గుమ్మంలో దించితే లోపల ఏముందో వాళ్ళకు తెలియదు. మూటను తెలుగులో విప్పి, కావలసినదాన్ని మాత్రం పట్టుకెళ్ళండి. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజే చెప్పేది ఇదే: ఇంగ్లీషు మాట కనబడగానే నిఘంటువు తెరవొద్దు, "ఇక్కడ మా ఇంట్లో ఏమంటాం?" అని ముందు మిమ్మల్ని మీరు అడగండి.

మా మేనేజర్‌ని "ఫ్రీగా ఉన్నారా?" అని అడగాలి. 'హిమ దెస్ క' అనొచ్చా?

స్నేహితుణ్ణి అడగొచ్చు, మేనేజర్‌ని మాత్రం వద్దు. 'హిమ'లో పనీపాటా లేకుండా కూర్చోవడమనే ఛాయ ఉంది. ఊళ్ళో పెద్దాయన దగ్గరికి వెళ్ళి "ఏమండీ, పనేం లేదా?" అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. 'ఒజికన్ అరిమస్ క' అనండి. "కాస్త సమయం ఉందాండీ?" అన్నమాట. ఆయన బల్ల దగ్గరే నిలబడి అడుగుతుంటే 'ఇమ, యొరొషీ దెషో క' చాలు.

హోటల్లో మేం అడగని ప్లేటు తెచ్చి 'సాబిసు దెస్' అన్నారు. సర్వీస్ చార్జీ వేస్తారా?

వెయ్యరు, హాయిగా తినండి. 'సాబిసు' ఇంగ్లీషు "సర్వీస్" నుంచే వచ్చినా, దుకాణంలోనో హోటల్లోనో ఇలా అన్నారంటే "ఇది మా తరఫున, డబ్బులొద్దు" అని అర్థం. మన కూరగాయలమ్మి తూకం అయ్యాక గుప్పెడు పచ్చిమిరపకాయలు వేస్తుంది చూడండి, ఆ కొసరు ఇది. "సర్వీస్" అనే ఇంగ్లీషు మాట ఎంత తిరగేసినా ఈ అర్థం రాదు. "కొసరు" అని తెలుగులో ఒక్కసారి విన్నవాళ్ళు మళ్ళీ మరిచిపోరు.

ఇంగ్లీషు మాటనే కతకనలో రాసేస్తే సరిపోదా? 'ఫురీ' అంటే వాళ్ళకు అర్థం కాదా?

కతకన విదేశీ మాటలు రాసుకునే అక్షరమాల కాబట్టి అది రాజమార్గంలా అనిపిస్తుంది. కానీ జపాన్‌లో అడుగుపెట్టిన ఇంగ్లీషు మాట ఇంగ్లీషుగా మిగలదు, అక్కడిదైపోతుంది.

మనిషి గురించి 'ఫురీ' అంటే ఏ కంపెనీలోనూ లేకుండా సొంతంగా పనిచేసుకుంటున్నాడని, లేదా ప్రస్తుతం ప్రేమబంధం ఏదీ లేదని. 'ఫురీ సయిజు' మాత్రం మన బట్టల షాపుల్లో చెప్పే "ఫ్రీ సైజ్" లాంటిదే, అందరికీ సరిపోయే కొలత. 'ఫురీమాకెత్తొ' అంటే పాత సామాన్లు అమ్ముకునే సంత. ఇది ఇంగ్లీషు "ఫ్లీ మార్కెట్", "ఫ్లీ" అంటే కుక్కల ఒంటి మీద గెంతే చిన్న పురుగు. జపనీస్‌కు ర, ల తేడా లేదు కాబట్టి "ఫ్లీ", "ఫ్రీ" రెండూ 'ఫురీ' అయ్యాయి. అందుకే అక్కడ వస్తువులు ఉచితంగా ఇస్తారని కొందరు పొరబడతారు.

దీనికి ఎదురు సంగతి ఒకటుంది, నాకు అదంటే మరీ ఇష్టం. ఒకే ఇంగ్లీషు మాటను జపనీస్ రెండుగా చీల్చుకుని అర్థాలు పంచుకుంది. కార్మికుల "స్ట్రైక్" 'సుతొరయికి', బేస్‌బాల్‌లో "స్ట్రైక్" 'సుతొరయికు'. బట్టలకు వాడే ఇస్త్రీపెట్టె 'అయిరొన్', గోల్ఫ్ కర్ర 'అయిఅన్', రెండూ "ఐరన్" నుంచి వచ్చినవే. నీళ్ళు తాగే గ్లాసు 'గురసు', కిటికీ అద్దం 'గరసు'. ఇందులో రెండోది డచ్చివాళ్ళ నుంచి ముందే వచ్చింది. కుట్టుమిషను 'మిషిన్', మిగతా యంత్రం 'మషిన్'. మనవాళ్ళు చేసింది మాత్రం వేరా? "మా అమ్మ మిషను కుడుతుంది" అంటే ఏ మిషనని ఎవరైనా అడుగుతారా?

అందుకే కతకనలో రాసేముందు ఆ మాట అక్కడ ఏ అర్థంతో స్థిరపడిందో చూసుకోండి. 'కురేము' అంటే క్లెయిమ్ కాదు, ఫిర్యాదు. 'మన్షొన్' అంటే మహల్ కాదు, ఫ్లాట్లున్న భవనం. 'సుమాతొ' అంటే తెలివైనవాడు కాదు, సన్నగా నాజూగ్గా ఉన్నవాడు.

"వేర్"కు నిఘంటువులో ఏడు క్రియలున్నాయి. ఎలా గుర్తుంచుకోవాలి?

ఒంటికి తొడుక్కునేది, పైనుంచి కప్పుకునేది 'కిరు'. చొక్కా, కోటు, కిమొనొ, మన చీర కూడా. కాళ్ళు దూర్చి పైకి లాక్కునేది 'హకు'. ప్యాంటు, మేజోళ్ళు, చెప్పులు. తలకు పెట్టుకునేది 'కబురు'. అచ్చంగా మన "కబురు" లాగే వినిపిస్తుంది, కబురు ముందు చేరేది తలకే అని గుర్తుపెట్టుకోండి. కళ్ళజోడుకు 'కకెరు'. వాచీ, టై, మాస్కు లాంటివాటికి 'సురు'. వేళ్ళకు బిగుతుగా ఎక్కించే చేతితొడుగులకు 'హమెరు'. బ్రోచీ, అత్తరు లాంటివాటికి 'త్సుకెరు'.

ఇది కష్టమని ఇంగ్లీషువాళ్ళు అంటే అర్థం ఉంది. మనం అనకూడదు. చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, పూలు పెట్టుకుంటాం, చెప్పులు వేసుకుంటాం. "చీర తొడుక్కుంది" అంటే పసిపిల్ల కూడా నవ్వుతుంది. వస్తువును బట్టి క్రియ మారడం మనకు అలవాటే. తేడా అల్లా గీత ఎక్కడ గీశారన్నదే. మనం కట్టేదా తొడిగేదా అని చూస్తాం, వాళ్ళు ఒంట్లో ఏ భాగమని చూస్తారు.

తీసేటప్పుడు ఇంకా సులువు. చొక్కా, ప్యాంటు, చెప్పులు 'నుగు'. కళ్ళజోడు, వాచీ, ఉంగరం 'హజుసు'. మనం బట్టలు విప్పుతాం, కళ్ళజోడు తీస్తాం. విప్పడం 'నుగు', తీయడం 'హజుసు' అని పక్కపక్కన పెట్టుకుంటే దాదాపు ఎక్కడా తప్పు పోదు.

తెలుగుకూ జపనీస్‌కూ ఇలా సరిగ్గా అతికే మాటలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవాళ్ళకు అవి ఎప్పటికీ కనిపించవు.

"రైస్" అన్న ఇంగ్లీషు మాట తీసుకోండి. పొలంలో ఉన్నది వరి, జపనీస్‌లో 'ఇనె'. పొట్టుతో ఉన్నవి వడ్లు, 'మొమి'. దంచాక బియ్యం, 'కొమె'. వండాక అన్నం, 'గొహన్'. గింజ నడిచే నాలుగు మజిలీలకు నాలుగు మాటలు, రెండు భాషల్లోనూ. "అన్నం తిన్నావా?" అంటే మనకు భోజనం అయిందా అని కదా, 'గొహన్ తబెత?' కూడా అంతే. వరి పండించి బతికిన రెండు నేలలు ఒకే చోట గీతలు గీసుకున్నాయని నా నమ్మకం. అక్కడ అయిదో మాట కూడా ఒకటుంది, 'రయిసు'. పాశ్చాత్య పద్ధతి హోటల్లో ప్లేటులో వడ్డించే అన్నం అది.

"బ్రదర్" అంటే అన్నా, తమ్ముడా? ఇంగ్లీషు చెప్పదు. జపనీస్‌లో అన్న 'అని', తమ్ముడు 'ఒతోతొ', అక్క 'అనె', చెల్లెలు 'ఇమోతొ'. ఎదుటివాళ్ళ అన్నగారి గురించైతే 'ఒనీసన్' అనాలి, సొంత అన్నను పిలిచేటప్పుడూ అదే. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, మనలాగే. అయితే పెదనాన్నగారి అబ్బాయి మనకు అన్నయ్యే గానీ వాళ్ళకు 'ఇతొకొ', కజిన్. అత్త, పిన్ని, పెద్దమ్మ అన్నీ వాళ్ళకు ఒకటే 'ఒబ'. రాసేటప్పుడు మాత్రం అమ్మానాన్నల కన్నా పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కంజి (చైనా నుంచి వచ్చిన అక్షరం) మారుతుంది, పలుకు మారదు.

"థింక్"కు 'ఒమొఉ', 'కంగయెరు' అని రెండుంటే మీరు ఇబ్బంది పడనే అక్కర్లేదు. అనుకోవడం, ఆలోచించడం. "వస్తాడని అనుకుంటున్నా"లో ఉన్న "అని" కూడా జపనీస్‌లో అదే చోట 'తొ'గా వచ్చి కూర్చుంటుంది: 'కురు తొ ఒమొఉ'. "ప్లే" అంటే వీణ మీటడం 'హికు', పిల్లనగ్రోవి ఊదడం 'ఫుకు', డప్పు కొట్టడం 'తతకు'.

ఇక "ట్రై". కొత్త వంటకం రుచి చూడమంటూ నిఘంటువు పట్టుకుని 'తమెసు' అన్నవాళ్ళున్నారు. "తిని చూడు" అనేదే జపనీస్: 'తబెతె మితె'. 'తబెతె' అంటే తిని, 'మితె' అంటే చూడు. ఇంతకన్నా ఏం కావాలి?

అయితే తెలుగు నుంచి నేరుగా మార్చేస్తే చాలన్నమాట?

చాలదు. తెలుగు దారి చూపిస్తుంది గానీ కొన్ని మలుపుల్లో తప్పుదారీ పట్టిస్తుంది. ఆ మలుపులు తెలియకపోతే ఇంగ్లీషు కన్నా పెద్ద దెబ్బ తగులుతుంది, ఎందుకంటే మన భాష మీద మనకు అనుమానం రాదు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది "కోల్డ్" గురించి. వాతావరణం చలిగా ఉంటే 'సముయి', ముట్టుకుంటే చల్లగా తగిలేది 'త్సుమెతయి', హాయిగా చల్లబడిన సాయంత్రం 'సుజుషీ', జలుబు 'కజె'. చలి, చల్లన అనే తేడా మనకూ ఉంది కాబట్టి ఇక్కడిదాకా తెలుగు చేయి పట్టుకుని నడిపిస్తుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి చేయి వదిలేస్తుంది. మనకు చల్లని మనసు అంటే దయగల మనసు, చల్లని తల్లి అంటే కరుణించే తల్లి, "చల్లగా ఉండు నాయనా" అంటే దీవెన. రోహిణి ఎండల్లో మాడే నేల మీద చల్లదనం కన్నా వరం ఏముంటుంది? జపనీస్‌లో 'త్సుమెతయి హితొ' అంటే జాలి లేని మనిషి. దయగలవాడు 'అతతకయి హితొ', వెచ్చని మనిషి. పైగా వాళ్ళకు మంచు కురిసే చలికాలాలు. మీ సహోద్యోగిది చల్లని మనసని పొగడబోయి 'త్సుమెతయి కొకొరొ' అన్నారంటే అతణ్ణి బండరాయి అన్నట్టే. 'యసషీ' అనండి, మృదువైన దయ అందులో ఉంది.

రెండోది, "వస్తున్నా". కింద నుంచి స్నేహితుడు పిలిస్తే మేడ మీద నుంచి "వస్తున్నా" అంటాం. జపనీస్‌లో 'ఇమ ఇకిమస్' అనాలి, మాటకు మాట చూస్తే "ఇప్పుడు వెళ్తున్నా" అని. కదిలేవాడు తన చోటు నుంచే చూస్తాడు. ఇక్కడ ఇంగ్లీషూ తెలుగూ ఒక పక్షం, జపనీస్ ఇంకో పక్షం.

"ఇచ్చాడు" అనేది మనకు ఒక్కటే క్రియ. వాళ్ళకు నేను ఇతరులకు ఇస్తే 'అగెరు', ఇతరులు నాకో నావాళ్ళకో ఇస్తే 'కురెరు', పెద్దవాళ్ళు ఇస్తే 'కుదసరు'. దీనికి అడ్డదారి లేదు, వాడగా వాడగా రావలసిందే.

తాగడం కూడా చూసుకోండి. సిగరెట్టు మనం తాగుతాం, వాళ్ళు పీలుస్తారు, 'సుఉ'. మాత్ర మనం వేసుకుంటాం, వాళ్ళు తాగుతారు, 'నొము'. ఇంకా, క్రికెట్ అయినా బొమ్మలాట అయినా మనకు ఆడడమే. ఆటపాటల్లో గడిపితే 'అసొబు', మైదానంలో క్రీడ ఆడితే 'సురు'. మ్యాచ్ ఆడి వచ్చాక 'అసొబు' వాడితే కాలక్షేపం చేసి వచ్చానని వినిపిస్తుంది.

సహోద్యోగి తండ్రి చనిపోయారు. "ఐ యామ్ సారీ"కి 'గొమెన్ నసయి' అని మెయిల్ పెట్టొచ్చా?

దయచేసి పెట్టకండి. 'గొమెన్ నసయి' అంటే నా వల్ల తప్పు జరిగింది, క్షమించు అని. పని మొదలుపెట్టిన తొలి ఏడాది నేను సరిగ్గా ఇదే తప్పు చేశాను. తల్లిని పోగొట్టుకున్న మనిషికి క్షమాపణ రాసి పంపాను. ఆమె నొచ్చుకోలేదు, విదేశీయురాలినని అర్థం చేసుకుంది. కానీ ఆ రోజు ఆమెకు అందాల్సిన ఓదార్పు నా నుంచి అందలేదు. అది ఇన్నేళ్ళయినా నాకు గుర్తే.

అనవలసింది 'గొషూషోసమ దెస్'. రాతలో అయితే 'ఒకుయమి మోషిఅగెమస్'. రెండూ మరణ సందర్భానికే. జపనీస్‌లో పరామర్శ మాటలకు పాతబడిన చట్రం ఉంది, కొత్తగా చెప్పాలని ప్రయత్నించకండి. ఆ చట్రంలో ఉండడమే మర్యాద.

మిగతా "సారీ"లు తేలికే. దారిలో తగిలితే, దారి అడగాలంటే, ఎవరైనా తలుపు పట్టుకుంటే కూడా 'సుమిమసెన్'. ఇందులో కృతజ్ఞత కూడా కలిసి ఉంది. ఆఫీసులో ఖాతాదారుకు 'మోషివకె గొజయిమసెన్'. ఇంట్లో, స్నేహితుల దగ్గర 'గొమెన్'.

"ఐ మిస్ యూ"?

'అయితయి', చూడాలనుంది. లేదా 'సమిషీ', నువ్వు లేక వెలితిగా ఉంది. "బెంగ"కు సరిగ్గా సరిపోయే ఒక్క మాట నాకు జపనీస్‌లో దొరకలేదు. రైలు మిస్సయితే 'నొరిఒకురెరు'. 'మిసు' అని కతకనలో రాస్తే పొరపాటు అనే అర్థమే వస్తుంది.

చేతి మీద "ఫ్రీ" అని కంజిలో పచ్చబొట్టు వేయించుకోవాలనుంది. ఏది రాయించాలి?

'ముర్యో' మాత్రం రాయించకండి. ఆ రెండు అక్షరాలకు "రుసుము లేదు" అని అర్థం, పార్కింగ్ బోర్డు మీద ఉండేది. మీ మనసులో ఉన్నది 'జియూ' అయి ఉంటుంది. మొదటి అక్షరం "తాను", రెండోది "మూలం, కారణం". తనకు తానే కారణం కావడం. అది వేయించుకునేముందు జపనీస్ చదవగలిగినవాళ్ళకు ఒకసారి చూపించండి, అక్షరం తిరగబడకుండా, గీత తగ్గకుండా ఉంటుంది. ఒక్క మాట: పచ్చబొట్టు ఉన్నవాళ్ళను జపాన్‌లో చాలా వేడినీటి స్నానశాలలు లోపలికి రానివ్వవు.

'జియూ' అన్న మాటే ఎందుకు ఎంచుకున్నారు? ఎవరు ఎంచుకున్నారు?

ఇది నన్ను ఎక్కువమంది అడగరు, అడిగితే బాగుండునని అనుకుంటాను. ఒకే మాటకు అనేక అర్థాలుంటే అనువాదకుడు ఎంత నలిగిపోతాడో తెలిసేది ఇక్కడే.

పంతొమ్మిదో శతాబ్దంలో జపాన్ తలుపులు తెరుచుకున్నాక పాశ్చాత్య రాజకీయ గ్రంథాలు వచ్చిపడ్డాయి. "లిబర్టీ", "ఫ్రీడమ్"లకు సరిపోయే మాట లేదు. 'జియూ' పాత చైనా గ్రంథాల్లో, బౌద్ధ వాఙ్మయంలో ఉన్న మాటే. అయితే అందులో ఇష్టారాజ్యం, తన ఇష్టం వచ్చినట్టు చేయడం అనే చెడ్డ ఛాయ కూడా ఉండేది. ఫుకుజవ యుకిచి అనే జపాన్ రచయిత పాశ్చాత్య దేశాల పరిచయంగా 'సెయియో జిజో' రాస్తూ (మొదటి భాగం 1866లో వచ్చింది) ఈ మాట వాడాడు. వాడినా, ఇది విచ్చలవిడితనం కాదని పాఠకులకు విడిగా వివరించాల్సి వచ్చింది. 1872లో నకముర మసనఒ అనే పండితుడు, ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ రాసిన "ఆన్ లిబర్టీ"ని 'జియూ నొ రి' పేరుతో జపనీస్‌లోకి తెచ్చాడు. ఆ తర్వాత మాట నిలబడిపోయింది. 1881లో 'జియూతో' అనే రాజకీయ పార్టీ పుట్టింది. 1955లో ఏర్పడి ఎక్కువ కాలం జపాన్‌ను పాలించిన లిబరల్ డెమొక్రటిక్ పార్టీ పేరు కూడా 'జియూ'తోనే మొదలవుతుంది. 1947లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో భావప్రకటనా స్వేచ్ఛ 21వ అధికరణంలో ఉంది, అక్కడున్న మాటా అదే.

మన "స్వేచ్ఛ"ను విడదీసి చూడండి. స్వ, ఇచ్ఛ. తన ఇష్టం. ఫుకుజవ భయపడిన ఛాయే ఇందులోనూ ఉంది. "స్వాతంత్ర్యం" దారి వేరు, తన తంత్రం తనది కావడం. ఒకే ఇంగ్లీషు మాటను రెండుగా విడదీసి చూసుకునే సౌకర్యం మనకుంది.

"రైట్" కథ కూడా ఇలాంటిదే. కుడి 'మిగి', సరైనది 'తదషీ', హక్కు 'కెన్రి'. మన కుడి, సరి, హక్కు లాగే మూడు వేర్వేరు. ఇంగ్లీషులో మాత్రం హక్కుకూ న్యాయానికీ ఒకే మాట కాబట్టి, హక్కు అనగానే అది న్యాయమైనదన్న భావం వెంటనే తగులుతుంది. 'కెన్రి' చైనాలో 1864లో వచ్చిన ఒక అంతర్జాతీయ న్యాయ గ్రంథ అనువాదం నుంచి జపాన్‌కు చేరింది. దాని రెండు అక్షరాలకు అధికారం, లాభం అని అర్థాలు. ఫుకుజవ రెండో అక్షరం మార్చి, అదే పలుకుండే "న్యాయసూత్రం" అనే అక్షరంతో రాసేవాడు. నిలిచింది మాత్రం లాభమే. ఒక్క అక్షరం వేరేలా స్థిరపడి ఉంటే జపనీస్‌లో హక్కు అన్న మాట చూసినప్పుడు కళ్ళకు న్యాయం కనిపించేది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

యాప్‌లో బటన్ల జాబితా ఇచ్చి జపనీస్ చేయమన్నారు. ఒక్కొక్కటీ ఒంటరి మాటే. ఏం చేయాలి?

పని మొదలుపెట్టకముందే స్క్రీన్ చిత్రాలు అడగండి. ఇవ్వకపోతే మళ్ళీ అడగండి. మొహమాటపడితే నష్టపోయేది మీరు కాదు, ఆ యాప్ వాడే మనిషి.

"చార్జ్" అని ఒక్క మాట ఉంటుంది. ఫోన్ చార్జింగా? 'జూదెన్'. రుసుమా? 'ర్యోకిన్'. రైలు కార్డులో డబ్బు వేసుకోవడమా? అది 'చాజి'. జపాన్ స్టేషన్ యంత్రం మీద మీరు మొదట వెతికే బటన్ అదే. "ఓపెన్" అంటే ఫైలు తెరవమనా ('హిరకు'), దుకాణం తెరిచి ఉందనా ('ఎయిగ్యోచూ')? "క్లోజ్" అంటే మూయాలా, దగ్గరా? "ఫ్రీ" అంటే ఉచిత పథకమా, మిగిలిన ఖాళీ స్థలమా? రెండోదైతే 'అకి'. ఫోన్‌లో "64 జీబీ ఫ్రీ" అన్న చోట 'ముర్యో' పడిందంటే ఆ పని మాట చూసి చేశారు, స్క్రీన్ చూడకుండా చేశారని ఇట్టే తెలిసిపోతుంది.

యాప్‌లోని మాటల్ని అనువాదానికి పంపేందుకు ప్రోగ్రామర్లు వాడే గెట్‌టెక్స్ట్ లాంటి పద్ధతుల్లో ప్రతి మాట పక్కన సందర్భం రాయడానికి చోటు ఉంటుంది. చాలాసార్లు వాళ్ళు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నింపమని అడగడం మీ హక్కు.

అనువాద యంత్రాలు ఉండగా ఇంత శ్రమ ఎందుకు?

వాటిని నేనూ వాడతాను. కానీ ఒంటరి మాట ఇస్తే ఊహించడం తప్ప వాటికి గత్యంతరం లేదు. పూర్తి వాక్యం ఇవ్వండి, వీలైతే ముందూ వెనకా ఒక వాక్యం కూడా. ఎవరు ఎవరితో అంటున్నారో రాయండి. తెలుగు నుంచి జపనీస్‌కు మార్చమన్నా కొన్ని యంత్రాలు మధ్యలో ఇంగ్లీషు మీదుగా వెళ్తాయి. అప్పుడు "అన్న" వెళ్ళి "బ్రదర్"గా మారి, అటువైపు 'అని'గానో 'ఒతోతొ'గానో ఏదో ఒకటై తేలుతుంది. వచ్చినదాన్ని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూస్తే ఇలాంటివి కొన్ని దొరుకుతాయి.

ఏ నిఘంటువు మంచిది? సరైన మాట పట్టుకున్నానని ఎలా తెలుస్తుంది?

ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత జపనీస్–ఇంగ్లీషు నిఘంటువులు చాలావాటికి మూలం ఒకటే, ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన భాండారం. అది అద్భుతమైన కృషి. కాకపోతే అక్కడ "ఫ్రీ" అని వెతికితే కుప్పలుగా మాటలు వస్తాయి, మొదట కనిపించినది ఏరుకుంటే ప్రమాదం. ఏరిన మాటను వెనక్కి తిప్పి, జపనీస్ వైపు నుంచి వెతికి, దానికి ఇంకా ఏ అర్థాలున్నాయో చూడండి. తర్వాత ఆ మాటను చిత్రాల్లో వెతకండి. పార్కింగ్ బోర్డులు వచ్చాయా, పక్షులు ఎగిరే ఆకాశం వచ్చిందా అన్నది చూస్తే సగం సందేహం తీరుతుంది.

కొంచెం స్థాయి వచ్చాక జపనీస్–జపనీస్ నిఘంటువుకు మారండి. 1955 నుంచి వస్తున్న 'కోజిఎన్' అందరికీ తెలిసినది, కానీ మొదట్లో బడిపిల్లల నిఘంటువే మేలు. వాడుక చూడాలంటే జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థ సిద్ధం చేసిన రాతభాష భాండారం ఉంది, దాదాపు 10 కోట్ల పదాలు. పేరు నమోదు చేసుకుంటే 'చూనగొన్' అనే వ్యవస్థలో వెతకొచ్చు. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో అక్కడ తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు.

"బై"కి 'సయోనర' కదా?

రోజూ కలిసేవాళ్ళతో 'సయోనర' అంటే దూరమైపోతున్నట్టు ఉంటుంది. స్నేహితులకు 'మత నె', మళ్ళీ కలుద్దాం. ఆఫీసులో ముందుగా లేచేవారు 'ఒసకి ని షిత్సురెయి షిమస్' అంటారు. ఇంకా పనిలో ఉన్నవాళ్ళు 'ఒత్సుకరెసమ దెషిత' అని సాగనంపుతారు.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు 'ఇత్తె కిమస్' అనాలి. 'ఇత్తె' అంటే వెళ్ళి, 'కిమస్' అంటే వస్తాను. వెళ్ళొస్తాను. లోపలి నుంచి 'ఇత్తెరష్షయి' అని వినిపిస్తుంది. వెళ్ళి రండి.